లాగి కత్తిరించిన పోగు

"ఎవరో చెయ్యి పెట్టారు. ఊరికే ఇలా అవదు," అంది ఆడపడుచు.

ఆమె వచ్చి పావుగంటయింది, భుజానున్న సంచీ ఇంకా దించలేదు. ముందుగదిలో కుట్టుమిషను దగ్గర కూర్చున్న తల్లికి కనపడేలా తన ఫోను పట్టుకుని ఫొటోలు ఒక్కొక్కటే వేలితో జరుపుతోంది. తొమ్మిది ఆదివారాలు, తొమ్మిది ఫొటోలు. అన్నిటిలోనూ తల్లి ఎడమ భుజం కింద అదే చోటు. చర్మం అడుగున పేస్‌మేకర్ ఉబ్బు, ఆ ఉబ్బుకు పైన వేలెడు పొడవున ఆపరేషను కుట్టు, కుట్టు పక్కనే కొలత కోసం పెట్టిన టేపు. మొదటి వారం ఎర్రగా, ఉబ్బెత్తుగా ఉన్న గీత నాలుగో వారానికి గులాబిరంగులోకి దిగింది. ఎనిమిదో వారానికి చదునై చర్మంలో కలిసిపోయే దారిలో పడింది. తొమ్మిదో ఫొటోలో మాత్రం చంకవైపు కొసన పెసరగింజంత నల్లెరుపు పొక్కు. దాని చుట్టూ చర్మం పలచబడి నున్నగా మెరుస్తోంది.

ఆ ఫొటో చూసే నిన్న ఆస్పత్రి నుంచి గాయాల నర్సు ఫోను చేసింది. నొక్కకుండా, గిల్లకుండా, ఇంట్లో ఉన్న మాత్రలేవీ వెయ్యకుండా మనిషిని పొద్దున్నే తీసుకురమ్మంది.

"నిన్నేనమ్మా అడుగుతున్నది."

"వినిపిస్తోంది. వాళ్లు కోసింది చెవులు కాదు," అంది తల్లి.

ఆవిడ కుట్టిన కాలరును తిరగేసి, సన్నటి పుల్లతో దాని మూలలు పొడుచుకుంటోంది. వీధి మొత్తానికీ ఆవిడ టైలరమ్మ. తొమ్మిది వారాల కిందట ఇదే మిషను మీద తల వాల్చేసింది. కోడలు పరుగెత్తుకొచ్చి చూసేసరికి చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. గుండె సొంతంగా కొట్టుకునే శక్తి దాదాపు పోయిందనీ, ఇక ప్రతి దెబ్బా ఆ యంత్రం కొట్టించాల్సిందేననీ డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి ఆవిడకు రెండు మిషన్లు. "పాతదాన్ని నేను తొక్కుతాను, కొత్తది నన్ను తొక్కుతుంది," అని పరామర్శకు వచ్చినవాళ్లను నవ్వించి పంపేది.

ఇవాళ ఆ మాట రాలేదు.

ఆడపడుచు బడిలో లెక్కల టీచరు. ఇంట్లో మాత్రం చిన్నప్పటి నుంచీ ఆమె పేరు ఇన్‌స్పెక్టరు. తల్లి దగ్గర జవాబు దొరక్క అన్నగారి మీదికి తిరిగింది. ఆయన బస్సు డ్రైవరు, డ్యూటీ బట్టలతో గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. మూడో వారంలోనే అమ్మను మిషనెక్కనిచ్చింది ఎవరని అడిగింది. డాక్టరే ఎక్కమన్నాడని ఆయన అన్నాడు. డాక్టరు చెప్పింది అరగంట చేతిపనికని, ముప్ఫై చొక్కాలు ఒప్పుకోడానికి కాదని ఆమె అంది. ఆయన రెండో బూటు తాడు బిగించుకున్నాడు. గోడకు చెవులైనా ఉంటాయి, ఆయనకు నోరే లేదని ఆ ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్న మాట.

"వదినా, ఫొటో తీసేది నువ్వు. నీళ్లు పోసేది నువ్వు. నీకేం కనపడలేదా?"

"ఆదివారమే కనపడింది," అంది కోడలు.

అది అబద్ధం కాదు. అలాగని అంతా చెప్పినట్టూ కాదు.

ఆమె వంటింట్లోకి వెళ్లి సీసాలో నీళ్లు పట్టింది. సీసా నిండి పొర్లుతున్నా కుళాయి కట్టలేదు. వెనకాలే భర్త వచ్చి నిలబడి, తనే కుళాయి కట్టాడు.

"ఏమన్నా జరిగిందా?"

ఆమె సీసా మూత బిగించింది. ఒకసారి బిగిసిన మూతను ఇంకోసారి బిగించింది.

ఆయన గడియారం చూసుకున్నాడు. బస్సు వేళ అయిందన్నాడు. వెళ్తూ వెళ్తూ, అమ్మను ఎత్తుమెట్లు ఎక్కించొద్దని మాత్రం చెప్పాడు.

జరిగింది ఐదో వారంలో.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారు అద్దం ముందు నిలబడి, గడ్డం పైకెత్తి, వేలికొసతో కుట్టు తడుముకుంటూ పిలిచింది. ఏదో పోగు గుచ్చుకుంటోందంది. కోడలు దగ్గరికెళ్లి చూస్తే నిజమే, మచ్చ కొసన ఈగకాలంత దారం బయటికి పొడుచుకొచ్చి ఉంది. లోపల కరిగిపోవాల్సిన దారం అప్పుడప్పుడు ఇలా బయటికొస్తుందని, వస్తే ముట్టుకోకుండా తన దగ్గరికి రమ్మని గాయాల నర్సు మొదటి రోజే చెప్పింది. చెప్పిన కాగితం కూడా ఇచ్చింది. కోడలు విన్నది, చదివింది, ఆ కాగితాన్ని తనే అలమార తలుపుకు అంటించింది.

కాని కుట్టు మీద పోగు వేలాడుతుండగా చూస్తూ ఊరుకోవడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు నేర్పిన మొదటి పాఠమే అది. పోగు మిగిల్చి బట్ట దించేకన్నా కుట్టకపోవడం నయం. ఆ పోగునైనా ఎలా పడితే అలా తుంచకూడదు. రెండు వేళ్లతో పట్టి కొంచెం బిగలాగాలి, మొదలంటా కత్తిరించాలి, వదిలెయ్యాలి. కొస రెండు పొరల మధ్యకు జారిపోయి మాయమవుతుంది. పద్నాలుగేళ్లలో ఆమె చేతులు ఆ పని ఎన్ని వేలసార్లు చేశాయో.

"కత్తిరించవే. నా గడ్డం కింద నాకు కనపడి చావదు," అంది అత్తగారు.

మిషను సొరుగులో చిన్న కత్తెర ఉంది. దాన్నొక గుడ్డముక్కతో తుడిచింది. పోగు పట్టుకుంది, లాగింది, కత్తిరించింది, వదిలింది. కొస లోపలికి జారిపోయింది. అత్తగారు అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, డాక్టరు మర్చిపోయిన పని మనం పూర్తి చేశామంది. ఈ కుట్టు వేసినవాడు చెయ్యి తిరిగినవాడే గాని, ముగింపు దగ్గర బద్ధకించాడని కూడా అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ ఆదివారం ఫొటోకు నర్సు జవాబిచ్చింది, మచ్చ చాలా చక్కగా మానుతోందని.

*

గాయాల నర్సు గదిలో మంచం ఒకటి, దీపం ఒకటి, చేతులు కడుక్కునే తొట్టి ఒకటి. నర్సుకు యాభై ఏళ్లుంటాయి. కళ్లజోడు గొలుసుతో మెడలో వేలాడుతోంది. అత్తగారు తను కుట్టుకున్న ముందు గుండీల వదులు చొక్కా విప్పి పడుకుంటే, నర్సు చాలాసేపు చెయ్యి వెయ్యనే లేదు. దీపాన్ని పక్కకు వంచి, వాలు వెలుతురులో చూసింది. తలవైపు నుంచి చూసింది, కాళ్లవైపు నుంచి చూసింది.

తర్వాత వేళ్ల వెనకభాగం కుడి భుజం మీద ఆనించి, అదే చేతిని ఎడమవైపు ఆనించింది. ఇక్కడ వేడిగా ఉందంది. మచ్చ మొదటి భాగం రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే చర్మం తేలిగ్గా లేచింది. మెత్తగా ఉంది, యంత్రం మీద జారుతోంది. ఇది బాగా మానింది, రంగు, ఎత్తు అన్నీ తొమ్మిది వారాలకు ఉండాల్సినట్టే ఉన్నాయని పక్కనున్న కాగితంలో రాసుకుంది. చంకవైపు వచ్చేసరికి చర్మం కదల్లేదు. కిందున్నదానికి అంటుకుపోయింది. నర్సు చెయ్యి తీసేసి, ఎరుపు ఎంతవరకు ఉందో అంతవరకు పెన్నుతో చుట్టూ చుక్కలు పెట్టింది.

జ్వరం వచ్చిందా అని అడిగింది. రాలేదు. చలి పుట్టిందా? లేదు. చొక్కాకు తడి అంటిందా? లేదు. అన్నిటికీ ఆడపడుచే జవాబు చెప్పింది. ఆమె ఆ ఇంట్లో ఉండదని నర్సుకు తెలియదు.

"దారం కొస ఏదన్నా బయటికొచ్చిందా, మధ్యలో?"

"లేదండీ," అంది ఆడపడుచు.

"వచ్చింది," అంది పడుకున్న మనిషి. "కత్తిరించాను."

కోడలు తలుపు పక్కన, తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉంది. ఆడపడుచు తల్లి వంక తిరిగింది.

"నువ్వా?"

"నేనే. కుట్టుకు పోగు వేలాడితే చూస్తూ కూర్చోనా?"

నర్సు కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. పైపైన కత్తిరించారా, లాగి కత్తిరించారా అని అడిగింది. తేడా ఏమిటో కూడా నిదానంగా చెప్పింది. పైకి కనపడినంత మేరకు తుంచితే ఆ కొస చర్మంలోనే ఉంటుంది. అలాంటప్పుడు ఇది కుట్టు దగ్గర లేచిన చిన్న పొక్కే అనుకోవచ్చు. రక్తం తీసి పరీక్షకు పంపి, మాత్రలిచ్చి, నాలుగు రోజులాగి మళ్లీ చూడొచ్చు. లాగి కత్తిరిస్తే మాత్రం బయటి మురికి అంటిన కొస లోపలికి, యంత్రం కూర్చున్న చోటికి వెళ్లి ఉంటుంది. అక్కడ చీము పట్టిందంటే ఏ మాత్రకూ లొంగదు. యంత్రాన్నీ, గుండెలోకి వెళ్లిన తీగల్నీ మొత్తం బయటికి తియ్యాలి. కొత్తది పెట్టేదాకా మెడ దగ్గర నుంచి వేరే తీగ వేసి, కదలకుండా మంచంలో పడుకోబెట్టాలి. రోజులు కావచ్చు, వారాలు కావచ్చు.

"డాక్టరు గారు నేను రాసినదాన్ని బట్టి చూస్తారమ్మా. అందుకే అడుగుతున్నాను. గుర్తు తెచ్చుకుని చెప్పండి."

"గుర్తు తెచ్చుకోడానికేముంది? పైపైనే," అంది అత్తగారు.

నర్సు రాసుకుంది.

పెన్ను కదులుతున్నంతసేపూ కోడలు దాన్నే చూసింది. అత్తగారికి తెలుసు. లాగకుండా పోగు కత్తిరించడం ఆవిడ ఎన్నడూ ఎవరికీ నేర్పలేదు. ఆ ఒక్క మాటతో ఆవిడ కోడల్ని కూతురి నోట్లో పడకుండా దాచింది, తనను కత్తి కిందికి వెళ్లకుండా దాచుకుంది. మాత్రలకు తగ్గిపోతే ఈ సంగతి ఇద్దరితోనే పోతుంది. పద్నాలుగేళ్ల కాపురంలో అత్తగారు ఆమెను ఇంతగా వెనకేసుకొచ్చింది ఎన్నడూ లేదు.

"మాత్రలకు తగ్గకపోతే?" అని అడిగింది కోడలు. 

"తీగల కొసలు గుండె లోపల ఉన్నాయమ్మా. చీము తీగ పట్టుకుని లోపలికి నడుస్తుంది. అంతదాకా వచ్చాక మేం ఎంత తొందరపడినా..." నర్సు మిగతాది చెప్పకుండా కాగితం మడిచింది.

"లాగాను," అంది కోడలు.

నర్సు తలెత్తింది.

"కత్తిరించింది నేను. లాగి కత్తిరించాను. కొస లోపలికి పోయింది. పోవాలనే లాగాను."

ఎంత లాగావని నర్సు అడిగితే, గోటి మీద వేలు పెట్టి చూపించింది. బియ్యపుగింజలో సగం. నర్సు మడిచిన కాగితం విప్పి, రాసిన వాక్యం మీద అడ్డగీత కొట్టి, కింద కొత్తగా రాసింది. రాయడం అయ్యాక డాక్టరు గారిని పిలుస్తానని బయటికి వెళ్లింది. తలుపు వేసి వెళ్లింది.

ముగ్గురే మిగిలారు. ఆడపడుచు అరుస్తుందని కోడలు కాచుకుని ఉంది. అరిస్తే బాగుండేది.

"ఎన్నో వారం?"

"ఐదు."

ఆడపడుచు ఫోను తీసి వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. "తర్వాత ఐదు ఆదివారాలు నాకూ పంపావు, వదినా. నాలుగింటి కింద 'బాగుంది' అని రాశావు."

"బాగానే ఉండింది అప్పుడు..."

"నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదు. ఆవిడ నీకు అత్త. నాకు ఇంకో అమ్మ లేదు."

 అత్తగారు పైకప్పు చూస్తూ పడుకుని ఉంది. ఆవిడే నోరు తెరిచింది.

"నిన్నెవరడిగారు?" అంది. అది కూతుర్ని కాదు.

డాక్టరు వచ్చి ఎక్కువసేపు ఉండలేదు. పొక్కు చూశాడు, చుక్కలు చూశాడు, నర్సు రాసింది చదివాడు. వెంట వచ్చిన టెక్నీషియను ఆవిడ ఛాతీ మీద ఒక పళ్లెం లాంటిది పెట్టి యంత్రం వేగాన్ని నెమ్మదిగా తగ్గించుకుంటూ పోయాడు. మూడోసారి తగ్గించేసరికి అత్తగారి కళ్లు పైకి తేలిపోయాయి, చెయ్యి గాలిలో దేన్నో వెతుక్కుంది. టెక్నీషియను వెంటనే వేగం పెంచాడు. ఆవిడ కళ్లు మళ్లీ మనుషుల మీద నిలిచాయి. సొంత గుండె ఇంకా పనిలోకి రాలేదని డాక్టరు చెప్పాడు. ఇవాళే చేర్చుకుంటాననీ, రేపు పొద్దున విప్పి అంతా తీసేద్దామనీ, ఆగే కొద్దీ చెడేదే తప్ప బాగుపడేది లేదనీ చెప్పి, సంతకం కాగితం బల్ల మీద పెట్టి, అరగంటలో వస్తానన్నాడు.

తలుపు మూసుకోగానే అత్తగారు లేచి కూర్చుంది. చొక్కా గుండీలు కింది నుంచి పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఎడమ చెయ్యి సరిగా లేవదు, ఒంటి చేత్తోనే ఒక్కొక్కటీ కాజాలోకి తోస్తోంది.

"ఎక్కడికమ్మా?"

"ఇంటికి. ముప్ఫై చొక్కాలున్నాయి."

ఆడపడుచు మొదట నచ్చజెప్పింది. అన్నయ్యను బస్సు ఆపించి పిలిపిస్తానని బెదిరించింది. చివరికి మంచం పక్కన కింద కూర్చుని తల్లి మోకాళ్లు పట్టుకుంది. ఎన్ని మాటలకూ ఆవిడది ఒకటే మాట. మెడలో తీగ పెట్టించుకుని, ఒకరు పక్కకు తిప్పితే తిరుగుతూ మంచాన పడి ఉండలేదు. మాత్రలు రాయించుకుంటుంది. పోతే మిషను మీదే పోతుంది. అక్కడ మొదలైంది, అక్కడే ముగుస్తుంది.

"వదినను బయటికి వెళ్లమను. అప్పుడు మాట్లాడుకుందాం," అంది ఆడపడుచు.

"అది ఎక్కడికీ పోదు."

పై గుండీ కూడా పెట్టుకోవడం అయింది. మెడ దాకా బిగించిన చొక్కాలో అత్తగారు చిన్నదైపోయి కనపడింది. ఆవిడ మొదటిసారి కోడలి మొహంలోకి చూసింది.

"నా నోట్లో మాట తీసి నీ మాట పెట్టావు కదా. ఇప్పుడూ నువ్వే చెప్పు. విప్పించుకోనా, వద్దా?"

ఆడపడుచు తలెత్తి వదిన వంక చూసింది. ఆ చూపులో బతిమాలడం ఉంది, అంతకు మించిన కోపం ఉంది.

కోడలు తప్పించుకోవాలనుకుంటే ఎన్నో మంచి మాటలున్నాయి. మీ ఇష్టం అత్తయ్యా అనొచ్చు. డాక్టరు చెప్పినట్టు చేద్దామనొచ్చు. మీ అబ్బాయిని అడుగుదామనొచ్చు. రేపు ఆపరేషను బల్ల మీద ఏదైనా అయితే, ఈ గదిలో నోరు తెరిచినదెవరో ఆడపడుచు జన్మలో మర్చిపోదు. బస్సు దిగి వచ్చే మనిషి కూడా ఏమీ అనడు, అనకుండా చూస్తాడు.

"ఊడదీయాలి, అత్తయ్యా," అంది. "లోపల చెడిందాన్ని పైన ఇస్త్రీ చేసి పంపితే మీరు నా మొహాన కొట్టేవారు. మొత్తం ఊడదీయాలి."

"ఊడదీశాక మళ్లీ కుట్టడానికి గుడ్డ మిగలకపోతే?"

"తెలియదు."

 బయట నడవాలో చక్రాల కుర్చీ ఒకటి కిర్రుమంటూ వెళ్లింది. 

కోడలు మంచం దగ్గరికి వచ్చి, మెడ దగ్గర బిగించిన గుండీ మీదికి చెయ్యి చాపింది. అత్తగారు ఆ చేతిని నెట్టలేదు. దాని వంక, ఆ రెండు వేళ్ల వంక కాసేపు చూసింది.

"కడుక్కున్నావా?"

కోడలు చెయ్యి వెనక్కి తీసుకుని తొట్టివైపు తిరిగింది.

అప్పటికే ఆడపడుచు లేచి, తొట్టికి అడ్డంగా నిలబడి ఉంది. ఆమె పక్కకు జరగలేదు. "అమ్మ గుండీలు నేను విప్పుతాను," అంది.